ఫెదరింగ్ ప్రొపెల్లర్ పిచ్‌ను డీజిల్ ఇంజిన్‌కు సరిపెట్టడం ఎలా

వరంగల్, కరీంనగర్, జగిత్యాల దిక్కు నుంచి డీజిల్ మెకానిక్ ఐటీఐ చేసి దుబాయ్, దోహా, మస్కట్ మెరీనాల్లో పనికి చేరేవాళ్లకు ఇంజిన్ కొత్త కాదు. ఇంజెక్టర్ విప్పడం, హెడ్ దించడం, టాపెట్ గ్యాప్ పెట్టడం ఇక్కడే చేతికి వస్తాయి. తడబాటంతా షాఫ్ట్ చివర నీళ్లలో తిరిగే దాని దగ్గరే. లక్నవరంలో, లోయర్ మానేరు డ్యాంలో తిరిగే టూరిస్టు బోట్లకు తెరచాప ఉండదు కాబట్టి వాటికి ఫెదరింగ్ ప్రొపెల్లర్‌తో (తెరచాప మీద పోయేటప్పుడు రెక్కలు నీళ్ల వాలుకు పడుకునే రకం) పని లేదు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పోటీలు జరుగుతాయి గానీ అవి ఇంజినే లేని చిన్న పడవలు. కాబట్టి మనవాళ్లు ఈ సరుకును మొదటిసారి చూసేది పరాయి దేశంలో, ఓనరు పక్కన నిలబడి "ఇంజిన్ ఫుల్ ఆర్‌పీఎం రావట్లేదు, ఏందో చూడు" అన్నప్పుడే. అలాంటి రోజు పనికొచ్చేలా ఇది రాస్తున్నాను.

మొత్తం పని ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. పడవ నీళ్లలో పోతుండగా థ్రాటిల్ లివర్ పూర్తిగా తోస్తే, ఇంజిన్ తన రేటెడ్ ఆర్‌పీఎంను అందుకుంటుందా? యాన్మార్ 3వైఎం30కి అది 3600. వోల్వో పెంటా డి1-30కి 3200. మీ ముందున్న ఇంజిన్‌ది దాని ప్లేటు మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. పడవ వేగం, చప్పుడు, డీజిల్ ఖర్చు అన్నీ ఈ ప్రశ్న తేలాకే మాట్లాడాలి.

లోపల జరిగేది

తెరచాప మీద పోతున్నప్పుడు మామూలు ప్రొపెల్లర్ నీళ్లకు అడ్డంగా నిలబడి పడవను వెనక్కి గుంజుతుంది. ఫెదరింగ్ రకంలో ఒక్కో రెక్క మొదట్లో పళ్ల చక్రం ఉంటుంది, అది హబ్ లోపలి చక్రంతో కలిసి తిరుగుతుంది. షాఫ్ట్ తిరగగానే ఆ బలానికే రెక్కలు తెరుచుకొని, లోపలి స్టాపర్‌కు ఆని ఒక కోణంలో నిలుస్తాయి. షాఫ్ట్ ఆగితే, పారే నీళ్లే వాటిని తిప్పి ప్రవాహానికి సమాంతరంగా పడుకోబెడతాయి. రివర్స్ వేస్తే రెక్క మొత్తం తిరగబడుతుంది. ముందుకు పోయేటప్పుడు నీటిని కోసే అంచే వెనక్కి పోయేటప్పుడూ ముందుంటుంది. అందుకే రివర్స్‌లో ఇది ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. మనం సెట్ చేసేది ఆ స్టాపర్ రెక్కను ఏ కోణంలో ఆపాలన్నదే.

కోణం డిగ్రీల్లో ఉంటుంది, పిచ్ అంగుళాల్లో చెబుతారు. 16×11 అని రాసి ఉంటే వ్యాసం 16 అంగుళాలు, పిచ్ 11. అంటే నీళ్లలో జారుడు అనేదే లేకపోతే ఒక చుట్టుకు 11 అంగుళాలు ముందుకు పోవాలని లెక్క.

కరిగెట చేసే ట్రాక్టర్‌ను గుర్తు చేసుకోండి. కేజ్ వీల్స్ బురదలో దిగబడి ఉన్నప్పుడు పెద్ద గేరు వేస్తే ఇంజిన్ మూలిగి, నల్ల పొగ కక్కి, ఆర్‌పీఎం పడిపోతుంది. డ్రైవర్ వెంటనే గేరు దించుతాడు. పడవలో దించడానికి ఇంకో గేరు లేదు, ముందుకు ఒక్కటే. ఆ ఒక్క గేరు పెద్దదా చిన్నదా అన్నది పిచ్ నిర్ణయిస్తుంది.

పిచ్ ఎక్కువైతే గవర్నర్ డీజిల్ పోస్తూనే ఉంటుంది, ఆర్‌పీఎం మాత్రం ఎక్కదు. ఆర్‌పీఎం ఎక్కకపోతే గాలి కూడా తక్కువే లోపలికి పోతుంది. కాలని డీజిల్ మసిగా బయటకు వస్తుంది. పడవ వెనక భాగం మీద నల్లటి మరక, ఎగ్జాస్ట్ వేడి, పిస్టన్ రింగుల అరుగుదల అన్నీ దాని వెంటే వస్తాయి. పిచ్ తక్కువైతే ఇంజిన్ చావదు గానీ ఉత్తగ గోల చేస్తుంది. లివర్ సగం దాటగానే ఆర్‌పీఎం పూర్తయిపోతుంది, గవర్నర్ డీజిల్ తగ్గిస్తుంది, పడవ నెమ్మదిగానే పోతుంది. ఎదురుగాలిలో, అలల్లో నెట్టే సత్తా ఉండదు.

పిచ్ పెంచితే పడవ ఇంకా వేగం పోతుందని చాలామంది ఓనర్లకు ఆశ. తెరచాప పడవ అలా పోదు. దాని అడుగు భాగం నీటిని తోసుకుంటూ పోయే రకం. నీటి మట్టం దగ్గర పడవ పొడవు అడుగుల్లో ఎంతుందో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చేదే నాట్లలో (సముద్రం మీద వేగాన్ని కొలిచే లెక్క) దాదాపు దాని వేగం హద్దు. 28 అడుగులైతే 7 నాట్ల చుట్టుపక్కల. ఆ తర్వాత ఎంత బలం పెట్టినా అది అలగా మారి వెనక లేస్తుందే తప్ప వేగం కాదు.

పానా పట్టే ముందు

నన్నడిగితే పిచ్ ఫిర్యాదుల్లో పిచ్ తప్పు లేనివి తక్కువేమీ కావు. అందుకే హబ్ జోలికి పోయే ముందు ఈ తనిఖీలన్నీ చేయండి. ఓనరు తొందరపెట్టినా ఆగవద్దు.

మొట్టమొదట టాకోమీటర్, అంటే ఆర్‌పీఎం చూపే మీటర్. డాష్‌బోర్డు మీది ముల్లును నమ్మి పిచ్ మార్చడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. చాలా పడవల్లో అది ఆల్టర్నేటర్ నుంచి సిగ్నల్ తీసుకుంటుంది. ఎప్పుడో ఎవరో వేరే పుల్లీ ఉన్న ఆల్టర్నేటర్ బిగించి, మీటర్‌ను సరిచేయకుండా వదిలేసి ఉంటారు. బెల్టు జారినా లెక్క తప్పుతుంది. చేతిలో పట్టుకునే లేజర్ టాకోమీటర్ ఒకటి కొనండి, పెద్ద ధర కాదు. క్రాంక్ పుల్లీ మీద మెరిసే టేపు ముక్క అంటించి, ఐడిల్‌లో, 2000 దగ్గర, ఫుల్‌లో కొలవండి. డాష్‌బోర్డు మీటర్ ఎంత తేడా చూపిస్తుందో కాగితం మీద రాసుకోండి. ఇక నుంచి లెక్కకు లేజర్ చూపేదే తీసుకోవాలి. టేపు అంటించేటప్పుడు ఇంజిన్ ఆగి ఉండాలి, కొలిచేటప్పుడు చొక్కా చేతులు బెల్టు దగ్గరికి పోకూడదు.

తర్వాత థ్రాటిల్ కేబుల్. ఒకరిని పైన లివర్ పూర్తిగా తోయమని, మీరు ఇంజిన్ దగ్గర చూడండి. ఇంజెక్షన్ పంపు మీద కేబుల్ లాగే ఆర్మ్ దాని స్టాప్ స్క్రూను తాకాలి. తాకకపోతే కేబుల్ సాగిందో, చివర క్లాంపు జారిందో అయి ఉంటుంది. కొన్నిసార్లు జబ్బంతా ఇక్కడే తేలిపోతుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో ఒక్కసారి ఫుల్ ఇచ్చి చూడండి. లోడు లేనప్పుడు రేటెడ్ కంటే 5, 6 శాతం ఎక్కువ రావాలి. 3600 ఇంజిన్ అయితే 3800 చుట్టుపక్కల. అదే రాకపోతే గొడవ ప్రొపెల్లర్‌ది కాదు. డీజిల్ ఫిల్టరో, లిఫ్ట్ పంపో, గవర్నరో చూడండి.

ఇంకొకటి, చాలామంది మరిచేది: ఎగ్జాస్ట్ మిక్సింగ్ ఎల్బో. వేడి పొగలోకి సముద్రపు నీళ్లు కలిసే ఆ వంపులో మసి, ఉప్పు పేరుకొని దారి సన్నబడుతుంది. అప్పుడు కూడా అచ్చం పిచ్ ఎక్కువైనట్టే నల్ల పొగ వస్తుంది, లోడు మీద ఆర్‌పీఎం పడిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం బాగానే తిరుగుతుంది, అందుకే పై పరీక్షలో దొరకదు. విప్పి లోపల వేలు పెట్టి చూడటమే మార్గం. ఇంజిన్ గదిలోకి గాలి వచ్చే దారిలో ఎవరైనా సామాన్లు కుక్కారేమో కూడా చూడండి. గదిని తెరిచినప్పుడు ఆర్‌పీఎం పెరిగిందంటే గాలి చాలడం లేదన్నమాట.

చివరిది నాచు, గుల్లలు. గల్ఫ్ నీళ్లు వేడి. కొన్ని వారాలు కదలకుండా కట్టేసిన పడవకు రెక్కల మీద గుల్లలు పట్టేస్తాయి. రెక్క మీద పలచటి పొర పట్టినా వందల ఆర్‌పీఎం పోవచ్చు. డైవర్‌ను దింపి రెక్కలు, హబ్, పడవ అడుగు గీకించాకే కొలత తీయండి. మురికి పడవ మీద పిచ్ తగ్గించి సెట్ చేస్తే, శుభ్రం చేసిన రోజు ఇంజిన్ పరుగెత్తుతుంది.

నీళ్ల మీద కొలత

మెరీనాలో తాళ్లతో కట్టేసి ఫుల్ ఇవ్వడం చాలామంది చేసే పరీక్షే, తప్పు పరీక్ష కూడా. పడవ కదలకపోతే రెక్కల మీద బరువు ఎక్కువ పడి, ఆర్‌పీఎం అసలు కంటే తక్కువ చూపిస్తుంది. బయటికే పోవాలి.

గాలి తక్కువ ఉన్న పొద్దున, లోతైన నీళ్లలో, నీళ్లు డీజిల్ ట్యాంకులు నిండుగా, మామూలుగా ప్రయాణంలో ఉండే సామాన్లతో పోండి. లోతు తక్కువున్న చోట పడవ అడుగు గుంజుకుపోయి లెక్క తప్పుతుంది. ఇంజిన్ వేడెక్కాక లివర్‌ను నెమ్మదిగా పెంచుతూ 2000, 2500, 3000 దగ్గర ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగి, జీపీఎస్ వేగం, పొగ రంగు, నీటి ఉష్ణోగ్రత రాసుకోండి. నీళ్ల ప్రవాహం ప్రభావం పోవాలంటే అదే దారిలో ఎదురు దిశలోనూ తిరిగి వచ్చి రెండింటి సగటు తీయాలి. చివరికి లివర్ పూర్తిగా తోసి, వేగం నిలకడ అయ్యాక లేజర్‌తో ఆర్‌పీఎం కొలవండి. నిలకడ అయ్యేదాకా ఆగడం ముఖ్యం. మొదటి అర నిమిషం అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఉష్ణోగ్రత పెరుగుతుంటే పరీక్ష ఆపేయండి.

పక్కన హెల్పర్ ఉంటే అతన్ని వెనక నిలబెట్టండి. "అన్నా, పొగ నల్లగ అస్తుంది" అని అతను చెప్పే మాట ఏ ఆర్‌పీఎం దగ్గర అన్నాడో కూడా రాసుకోండి. నల్ల పొగ అంటే లోడు ఎక్కువ, లేదా గాలి తక్కువ. తెల్లగా ఆవిరిలా ఉంటే పిచ్‌తో సంబంధం లేదు. నీలం అయితే ఆయిల్ కాలుతోంది.

ఇప్పుడు అంకె చూడండి. రేటెడ్‌కు 50 నుంచి 100 అటూఇటుగా వచ్చి, లివర్ కూడా చివరిదాకా పోతే పిచ్ సరిగ్గా ఉంది, ఏమీ ముట్టవద్దు. 200కు మించి తక్కువ వస్తే పిచ్ తగ్గించాలి. లివర్ ఇంకా మిగిలి ఉండగానే రేటెడ్ దాటిపోతే పెంచాలి.

ఎంత మార్చాలి

మోటు లెక్క ఒకటుంది: ఒక అంగుళం పిచ్‌కు 150 నుంచి 200 ఇంజిన్ ఆర్‌పీఎం. తగ్గిస్తే అంత పెరుగుతుంది, పెంచితే అంత తగ్గుతుంది. ఇది దారి చూపడానికే, చివరి మాట మళ్లీ నీళ్ల మీద కొలతే చెబుతుంది.

డిగ్రీలను అంగుళాల్లోకి మార్చడానికి తయారీదారు పట్టిక ఇస్తాడు. పట్టిక చేతిలో లేకపోతే వ్యాసాన్ని 3.14తో, తర్వాత 0.7తో గుణించి, కోణం టాన్ విలువతో గుణించండి. షాఫ్ట్ మధ్య నుంచి రెక్క చివరిదాకా ఉన్న దూరంలో పదింట ఏడు వంతుల దగ్గర పిచ్ అది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 3వైఎం30 ఇంజిన్, గేర్‌బాక్స్ 2.62 (ఇంజిన్ 2.62 చుట్లు తిరిగితే షాఫ్ట్ ఒక్క చుట్టు), ప్రొపెల్లర్ 16 అంగుళాలు, కోణం 20 డిగ్రీలు. పిచ్ 12.8 అంగుళాలు అవుతుంది. నీళ్ల మీద ఫుల్‌లో 3250 వచ్చింది అనుకోండి. 350 తక్కువ. మోటు లెక్కలో దాదాపు 2 అంగుళాలు తగ్గించాలి. 18 డిగ్రీలకు 11.4, 17కు 10.8, 16కు 10.1 అంగుళాలు వస్తాయి. కాబట్టి 17. మీ మోడల్‌లో రెండేసి డిగ్రీల మెట్లే ఉంటే 16కు పోండి, 18 దగ్గర ఆగవద్దు. ఇంజిన్‌కు లోడు కొంచెం తక్కువైనా పర్వాలేదు, ఎక్కువ కాకూడదు. గల్ఫ్‌లో అయితే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. ఇంజిన్ ప్లేటు మీద రాసిన బలం 25 డిగ్రీల గాలిని లెక్కలో పెట్టుకొని కొలిచింది. ఎండాకాలం మధ్యాహ్నం ఇంజిన్ గదిలో అంతకు రెట్టింపు వేడి ఉన్నప్పుడు ఆ బలం రాదు. జనవరిలో సరిగ్గా 3600 వచ్చేలా సెట్ చేస్తే జులైలో రాదు. కాబట్టి చలికాలంలో సెట్ చేసేటప్పుడు రేటెడ్ మీద 50, 100 ఎక్కువ వచ్చేలా వదలండి.

గేర్‌బాక్స్ అంకె దాని ప్లేటు మీద ఉంటుంది. కొన్నిటికి ముందుకు ఒకటి, రివర్స్‌కు ఇంకొకటి రాసి ఉంటుంది. ముందుకు ఉన్నదే తీసుకోండి. దీంతో లెక్క సరిగ్గా ఉందో లేదో ఒకసారి సరిచూసుకోవచ్చు. 3600ను 2.62తో భాగిస్తే షాఫ్ట్ 1374 చుట్లు. 10.8 అంగుళాల పిచ్‌తో జారుడు లేకుండా పోతే 12 నాట్ల పైన రావాలి. పడవ నిజంగా 6.8 పోతే జారుడు 44 శాతం. తెరచాప పడవలకు 40, 50 మామూలే, భయపడవద్దు. 20 శాతమో 70 శాతమో తేలితే ఎక్కడో అంకె తప్పు పడింది.

రెక్కలు సెట్ చేయడం

పడవను ఒడ్డుకు ఎత్తించండి. బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. ఎవరో పైన స్టార్ట్ కొడితే రెక్క మీ చేతిని వదలదు.

మోడల్ ఏదో తేల్చుకోండి. మ్యాక్స్‌ప్రాప్ ఈజీ లాంటి వాటిలో బయటి నుంచే అలెన్ కీతో మార్చవచ్చు. క్లాసిక్ రకంలో హబ్‌ను విప్పి, లోపలి చక్రం మీది గుర్తుకూ రెక్క పళ్లకూ మధ్య పొత్తు మార్చాలి. బ్రంటన్ ఆటోప్రాప్ అయితే తనంతట తానే పిచ్ మార్చుకుంటుంది, దానికి ఇక్కడ చెప్పిన పిచ్ సెట్టింగ్ వర్తించదు.

విప్పే రకమైతే ముందు నాలుగు పక్కల నుంచి ఫొటోలు తీయండి. ప్రతి రెక్క మీద, హబ్‌లో దాని చోటు దగ్గర నంబర్ కొట్టి ఉంటుంది. ఒకటో రెక్కను రెండో చోట పెట్టకూడదు, అవి జతగా అరిగి ఉంటాయి. షాఫ్ట్ తిరిగే దిశ ఇంకోసారి చూసుకోండి. వెనక నిలబడి చూస్తే, ముందుకు పోయేటప్పుడు గడియారం ముల్లు దిశలో తిరిగితే కుడి చెయ్యి. సెట్టింగ్ పట్టికలో కుడికి ఒక వరుస, ఎడమకు ఇంకో వరుస ఉంటుంది. వరుస తప్పితే అంకెలన్నీ తప్పినట్టే.

పాత గ్రీసు మొత్తం తుడిచి, తయారీదారు చెప్పిన నీళ్లకు కొట్టుకుపోని గ్రీసు నింపండి. ఈ ప్రొపెల్లర్లకు ఏటా గ్రీసు పెట్టడం తప్పనిసరి. పెట్టకపోతే రెక్కలు బిగుసుకొని సగంలో ఆగిపోతాయి. బోల్టులకు చెప్పినంత టార్కే, లాక్ పిన్నులు కొత్తవే. జింక్ (ప్రొపెల్లర్‌కు బదులు తాను తినేయబడేలా బిగించే లోహపు ముక్క) సగం తినేసి ఉంటే ఇప్పుడే మార్చండి.

బిగించాక కొలిచి చూడటం నా పట్టుదల. ఫెదరింగ్ రెక్కలు దాదాపు చదునుగా ఉంటాయి కాబట్టి డిజిటల్ యాంగిల్ గేజ్ వాటి మీద బాగా కూర్చుంటుంది. హబ్ వెనక చదునైన ముఖం మీద గేజ్‌ను సున్నా చేయండి. షాఫ్ట్ వాలుగా ఉంటుంది కదా, నేలను బట్టి సున్నా చేస్తే తప్పవుతుంది. రెక్కను పక్కకు అడ్డంగా ఉండేలా తిప్పి, ముందుకు పోయే స్టాపర్ దాకా తోసి కోణం చదవండి. షాఫ్ట్ తిప్పి మిగతా రెక్కలనూ అదే చోటికి తెచ్చి కొలవండి. అన్నీ ఒక్క తీరు ఉండాలి. ఒకటి డిగ్రీ తేడా చూపినా విప్పి మళ్లీ కూర్చోబెట్టండి, లేకపోతే నీళ్లలో పడవంతా వణుకుతుంది. రెక్క చివరకూ పడవ అడుగుకూ మధ్య వ్యాసంలో పదో వంతు ఖాళీ అయినా ఉందో చూడండి. 16 అంగుళాల దానికి 1.6 అంగుళాలు.

మళ్లీ నీళ్లలోకి

అదే దారిలో, అదే బరువుతో, అదే పద్ధతిలో ఇంకోసారి పోండి. ఫుల్ ఆర్‌పీఎం సరిపోతే రివర్స్ చూడండి. పడవ పూర్తిగా ఆగాక, ఐడిల్‌లోనే గేరు మార్చండి. రెక్కలు తిరగబడేటప్పుడు ఒక టక్ చప్పుడు వస్తుంది, అది మామూలే. ఎక్కువ ఆర్‌పీఎంలో మారిస్తే ఆ దెబ్బ గేర్‌బాక్స్ పళ్ల మీద పడుతుంది. ఈ సంగతి ఓనరుకు మీరే చెప్పాలి, ఎందుకంటే ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్‌కు అలవాటు పడ్డ చెయ్యి గబుక్కున లాగేస్తుంది.

తర్వాత తెరచాప మీద 3 నాట్లకు తక్కువ కాకుండా పోతూ, ఇంజిన్‌ను గేరులోనే ఉంచి ఆపండి. షాఫ్ట్ ఆగి, రెక్కలు పడుకుంటే వేగం కొంచెం పెరిగినట్టు జీపీఎస్‌లోనే తెలుస్తుంది. షాఫ్ట్ ఇంకా తిరుగుతుంటే రెక్కలు మూసుకోలేదన్నమాట. తర్వాత గేరు ఎందులో వదలాలన్నది గేర్‌బాక్స్ మాన్యువల్ ఏం చెబితే అదే.

ఒక వాదన మాత్రం ప్రతి మెరీనాలో ఎదురవుతుంది. "నేనెప్పుడూ ఫుల్‌లో పోను, 2200లో నెమ్మదిగా పోతా, పిచ్ కొంచెం ఎక్కువ పెట్టు, చప్పుడు తగ్గుతుంది" అంటాడు ఓనరు. మాటలో కొంత నిజముంది. ప్రొపెల్లర్ అడిగే బలం ఆర్‌పీఎం ఘనంతో మారుతుంది కాబట్టి 80 శాతం ఆర్‌పీఎంలో సగం బలమే ఖర్చవుతుంది, ఇంజిన్‌కు ఇంకా చోటుంది. కానీ ఎదురుగాలి లేచిన రోజు ఆయనే లివర్ చివరిదాకా తోస్తాడు. ఇంజిన్ వారంటీ కాగితాల్లో కూడా రేటెడ్ ఆర్‌పీఎం అందుకోవాలనే రాసి ఉంటుంది. అయినా పట్టుబడితే, ఆయన అడిగాడని, ఫుల్‌లో ఇంత తక్కువ వస్తుందని జాబ్ షీట్‌లో రాసి సంతకం తీసుకోండి. చాలామంది పెన్ను చేతికి ఇవ్వగానే "సరే, నువ్వు చెప్పినట్టే పెట్టు" అంటారు.

జాబ్ షీట్‌లో రేటెడ్ ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ అంకె, పాత కోణం, కొత్త కోణం, ఫుల్‌లో లేజర్ చూపిన అంకె, ఆ రోజు గాలి వేడి, డాష్‌బోర్డు మీటర్ ఎంత తప్పు చూపిస్తుందో అన్నీ రాయండి. ఒక కాపీ ఓనరుకు, ఒకటి ఇంజిన్ గది తలుపు లోపలి వైపు అతికించండి. వచ్చే ఏడు ఆ పడవకు గ్రీసు పెట్టేది మీరు కాకపోవచ్చు.